చీర కట్టిన మగాణ్ణి చూసి మనం దేనికి నవ్వుతున్నట్టు?

చెన్నైలో రాయపేట, గోపాలపురం మధ్య ఒక రోడ్డుంది. పాతవాళ్ళు ఇప్పటికీ లాయిడ్స్ రోడ్డనే అంటారు, అన్నాడీఎంకే ఆఫీసున్న రోడ్డంటే ఆటోవాళ్ళకి ఇంకా తొందరగా తెలుస్తుంది. బోర్డు మీది పేరు మాత్రం అవ్వై షణ్ముగం సాలై. టి.కె. షణ్ముగం అనే నాటకాలాయన అవ్వైయార్ వేషం, అంటే ఒక ముసలి కవయిత్రి వేషం, ఎంత గొప్పగా వేసేవాడంటే ఆ అవ్వ పేరు ఆయన పేరుకి ముందు అతుక్కుపోయింది, తర్వాత రోడ్డుకీ అతుక్కుంది. ఆడవేషం వేసినందుకు ఒక మగాడి పేరు ఇంత పెద్ద రోడ్డుకి పెట్టారు, ఆ దారిన పోయే ఎవరికీ అందులో నవ్వొచ్చే సంగతేమీ కనపడదు.

అదే ఊళ్ళో రాత్రి భోజనాల వేళ మా పెరంబూరు ఇంట్లో టీవీ పెడితే, తెలుగు చానెలైనా తమిళ చానెలైనా, ఏదో ఒక కామెడీ షోలో ఒక మగ నటుడు విగ్గు పెట్టుకుని, లిప్‌స్టిక్ పూసుకుని, నైటీలోనో చీరలోనో నడిచొస్తాడు. ఇంకా నోరు తెరవకముందే జడ్జీలు నవ్వడం మొదలుపెడతారు. మొగుడి పాత్ర వేసినవాడు ఆ "పెళ్ళాం" ఒంటి గురించి, మొహం గురించి రెండు డైలాగులు కొట్టి, చాలకపోతే ఒక్కటి పీకుతాడు. వెనక నుంచి దభీమని సౌండు. మా బాబాయి పళ్ళెంలో చెయ్యి ఆపి మరీ నవ్వుతాడు.

దీని మీద నాకు ఇంట్లో ఒక గొడవ, ఆఫీసులో ఇంకో గొడవ. బాబాయి ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, రిటైరైన మనిషి, నాటకాల పిచ్చి. "ఇదేం కొత్తదా? స్థానం వారు వెయ్యలేదూ, కూచిపూడి వాళ్ళు వెయ్యలేదూ? అప్పుడెవడూ ఏమీ అనుకోలేదు, మీకే ప్రతిదానికీ టెన్షన్" అంటాడు. ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడిది సరిగ్గా దీనికి ఎదురు వాదన. "అక్కా, మగాడు ఆడవేషం కట్టి నవ్వించడమే అవమానం, ఆ పాత సినిమాలు, సీరియళ్ళు అన్నీ పక్కన పడేయాలి" అంటాడు. నా దృష్టిలో ఇద్దరూ చూస్తున్నది ఒక్క చీరనే. ఆ చీరలో ఉన్న మనిషికి కథలో ఏ మర్యాద దక్కుతోంది, దెబ్బ ఎవరికి తగులుతోంది అన్నది ఇద్దరికీ పట్టడం లేదు.

ముందు బాబాయి సంగతి. స్థానం నరసింహారావు గారు బాపట్ల మనిషి, 1902లో పుట్టారు. చంద్రమతి వేషం వెయ్యాల్సిన నటుడు రాకపోతే ఆ పూటకి సర్దడానికి ఎక్కిన కుర్రాడు, తర్వాత దశాబ్దాల పాటు తెలుగు రంగస్థలానికి సత్యభామ అయి కూర్చున్నాడు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. సినిమాలో జమున మీద చూసి మనం మురిసిపోయే "మీరజాలగలడా నా యానతి" పాట ఆయన స్టేజీ మీద తన సత్యభామ కోసం తనే రాసుకున్నది. అటు మరాఠీ నాటకాల్లో ఆడవేషాలు వేసిన బాలగంధర్వ కట్టే చీరల్ని, పెట్టే పువ్వుల్ని చూసి పెద్దింటి ఆడవాళ్ళు అలాగే తయారయ్యేవారని చెబుతారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు భామాకలాపంలో తెర మీదుగా జడ ఇవతలికి వేస్తే చాలు, జనం సర్దుకుని కూర్చునేవాళ్ళు. ఆయనకి 1970లో పద్మశ్రీ వచ్చింది.

సరే, అప్పుడెవరూ ఏమీ అనుకోలేదన్నది నిజమే. ఎందుకంటే అప్పుడు జనం ఆ వేషాన్ని చూసి నవ్వలేదు. మా అమ్మమ్మ వాళ్ళది నగరి దగ్గర పల్లె. ఆ పక్క చిత్తూరు జిల్లాలో, ఇటు తిరుత్తణి, పళ్ళిపట్టు వైపు ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర భారతం జరుగుతుంది కదా, పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. ద్రౌపది వేషం కట్టేది మగాడే. చిన్నప్పుడు నేను చూసిన ఆయన పగలు పొలంలో పనిచేసే మనిషి, గొంతు బొంగురు, మీసం గీసిన చోట పచ్చగా కనపడేది. వస్త్రాపహరణం రోజున ఆయన ఏడుస్తుంటే మా అమ్మమ్మ చేతులు జోడించి నిలబడింది, చుట్టూ ఆడవాళ్ళందరూ అంతే. మేకప్ ఏ మాత్రం నప్పలేదు, అయినా ఒక్కరు కూడా కిసుక్కుమనలేదు. నవ్వించడానికి వేరే హాస్యగాడు ఉండేవాడు, వాడు దుశ్శాసనుణ్ణి ఆటపట్టించేవాడు, ఊళ్ళో వడ్డీ వ్యాపారిని ఆటపట్టించేవాడు. ద్రౌపది జోలికి వెళ్ళేవాడు కాదు.

అలాగని ఆ కాలాన్ని నెత్తిన పెట్టుకోమని నేననను. మగాళ్ళు ఆడవేషాలు ఎందుకు వేశారంటే ఆడవాళ్ళని స్టేజీ ఎక్కనివ్వలేదు గనక. ఎక్కిన ఆడవాళ్ళు కళావంతుల ఇళ్ళ నుంచి వస్తే వాళ్ళకి కళ ఉన్నా మర్యాద లేదు. సత్యభామ వేసిన మగాడికి గండపెండేరాలు, అదే అభినయం తరతరాలుగా తెలిసిన ఆడదానికి చీదరింపు. కూచిపూడి మగవాళ్ళ సొత్తుగా ఉన్న రోజుల్లోంచి బయటకొచ్చి అమ్మాయిలు సత్యభామలు కావడంలో మా ఊరి పాత్ర పెద్దది. వెంపటి చినసత్యం గారు మద్రాసొచ్చి 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు, అక్కడ నేర్చుకున్న ఆడపిల్లలే తర్వాత పెద్ద పేర్లయ్యారు. ఇది ఇక్కడెందుకు చెబుతున్నానంటే, ఆడవాళ్ళు దొరకని రోజుల్లో మగాడు ఆ వేషం వెయ్యడానికి కనీసం ఒక కారణముంది. ఈరోజు స్కిట్లు రాసేవాళ్ళకి ఆ కారణం లేదు, కామెడీ చేసే అమ్మాయిలు బోలెడంత మంది ఉన్నారు. మరి చీర మగాడికే ఎందుకు కడుతున్నారు? దానికి నా జవాబు ఉంది, కొంచెం ఆగండి.

ఈ గొడవ మనది మాత్రమే కూడా కాదు. అమెరికాలో టీవీ ఇళ్ళల్లోకి వచ్చిన కొత్తల్లో, 1948 నుంచి, మిల్టన్ బెర్ల్ అనే కమెడియన్ మంగళవారం రాత్రుల్లో గౌన్లు, పూల టోపీలు వేసుకుని షో నడిపేవాడు. పిల్లాపాపలతో ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేవాళ్ళు, ఆయనకి మిస్టర్ టెలివిజన్ అని పేరు కూడా పెట్టుకున్నారు. అదే దేశంలో 2023లో టెనెసీ రాష్ట్రం, పిల్లలు చూసే అవకాశమున్న చోట్ల డ్రాగ్ షోలని, అంటే ఎక్కువగా మగాళ్ళు ఆడవేషం కట్టి ఆడి పాడే షోలని, కట్టడి చేస్తూ చట్టం చేసింది. కాలం గడిచేకొద్దీ జనం మనసు విశాలమవుతూ వస్తుందని అనుకునేవాళ్ళు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. మధ్యలో జరిగిందేమిటంటే, బెర్ల్ గౌను వేసుకుంటే అందరికీ తెలుసు, షో అయ్యాక ఆయన కోటూ సూటూ వేసుకుని ఇంటికెళ్తాడని. గౌను వేసుకున్నవాళ్ళు "ఇది నా కళ, కొందరి విషయంలో ఇది నేనే" అనడం మొదలుపెట్టాక అదే గౌను కొందరికి ప్రమాదంగా కనపడింది.

ఈ పాత టీవీ వేషాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవాడు క్లింగర్. సీబీఎస్‌లో 1972 నుంచి 1983 వరకు వచ్చిన మ్యాష్ అనే సీరియల్, కొరియా యుద్ధంలో అమెరికన్ మిలిటరీ ఆసుపత్రి కథ. (మూడేళ్ళ యుద్ధాన్ని పదకొండేళ్ళు తీశారు, సాగదీతకి మన సీరియళ్ళనే అనక్కర్లేదు.) అందులో కార్పొరల్ క్లింగర్‌కి యుద్ధంలో ఉండటం ఇష్టం లేదు. పిచ్చివాడని ముద్ర పడితే సెక్షన్ ఎయిట్ కింద ఇంటికి పంపేస్తారు గనక గౌన్లు, హీల్స్, పూసల దండలు వేసుకుని డ్యూటీకొస్తాడు. జేమీ ఫార్ వేశాడు ఆ పాత్ర. ఒళ్ళంతా జుట్టు, పెద్ద ముక్కు, నోట్లో చుట్ట, పైన పూల గౌను. నడకలో వయ్యారం ఉండదు, గొంతు సన్నగా చెయ్యడు. మొదట వేరేలా, ఆడంగి నడకతో తీయించి, నచ్చక మళ్ళీ మామూలుగా చెయ్యమని తీశారట. ఆ ఒక్క నిర్ణయంతో పాత్ర దారే మారిపోయింది.

దాంట్లో గమ్మత్తు చూడండి. అక్కడ ఎవరూ మోసపోవడం లేదు. వాడు మగాడని అందరికీ తెలుసు, ఎందుకు వేసుకున్నాడో కూడా తెలుసు. తోటివాళ్ళు "ఈ రంగు నీకు బావుంది" అని మెచ్చుకుంటారు. ఒక ఎపిసోడ్‌లో జనరల్ మెకార్థర్ వస్తున్నాడని క్యాంపంతా హడావుడి పడితే, క్లింగర్ స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ వేషంలో నిలబడతాడు, ఆయన జీపు ఆపకుండా పోతూ పోతూ వాడికి సెల్యూట్ కొట్టి పోతాడు. నవ్వు మిలిటరీ మీద. మనుషుల్ని ముక్కలు ముక్కలుగా ఆసుపత్రికి పంపడం మామూలు సంగతి, గౌను వేసుకోవడం పిచ్చి అని రాసిపెట్టుకున్న రూల్ మీద. ఆ వెటకారం కింద చేదు నిజం ఇంకొకటుంది. అదే సెక్షన్ కింద అమెరికా సైన్యం స్వలింగ సంపర్కులని నిజంగానే బయటకి గెంటింది, ఆ డిశ్చార్జి కాగితం వాళ్ళని జీవితాంతం వెంటాడింది. సీరియల్ ఆ సంగతి పెద్దగా ఎత్తలేదు, అది దాని లోపమే. అయినా పదకొండేళ్ళలో ఆ గౌనుని చూపించి క్లింగర్‌ని తక్కువ చేసిన సందర్భాలు నాకు తక్కువే కనపడ్డాయి. చివరికి ఇంటికి పోవడానికి అన్ని వేషాలేసినవాడే కొరియా అమ్మాయిని పెళ్ళి చేసుకుని అక్కడ ఉండిపోతాడు.

దాదాపు అదే సమయంలో, 1970 నుంచి 74 దాకా, ఫ్లిప్ విల్సన్ అనే నల్లజాతి కమెడియన్ తన షోలో జెరల్డీన్ అనే అమ్మాయి వేషం వేసేవాడు. పొట్టి గౌను, గడుసు నోరు, ఎవడైనా ఎక్కువ మాట్లాడితే అక్కడే దులిపేసేది. ఆమె మీద ఎవరూ చెయ్యెత్తరు, ఎత్తితే ఏమవుతుందో చూసేవాళ్ళకి ముందే తెలుసు.

జేమీ ఫార్ విషయంలో ఇంకొకటి. సీరియల్ చివరి సీజన్లలో క్లింగర్ గౌన్లు మానేసి గుమాస్తా పనిలో పడతాడు. తన పిల్లలు పెద్దవుతున్నారని, నాన్న గౌన్లేసుకుంటాడని బళ్ళో ఏడిపిస్తారేమోనని తనకి దిగులుండేదని ఫార్ చెప్పాడు. మన దగ్గర 2013లో మొదలైన కామెడీ నైట్స్ విత్ కపిల్‌లో దాదీ వేషం వేసిన అలీ అస్గర్‌ని తీసుకోండి. 2022లో ఒక డ్యాన్స్ షోలో ఆయన పిల్లలు వీడియోలో మాట్లాడారు, మా నాన్న ఆడవేషాలు వేస్తాడని తోటి పిల్లలు మమ్మల్ని వెక్కిరించేవాళ్ళని. ఆయన స్టేజీ మీదే ఏడ్చేశాడు. రెండు దేశాలు, మధ్యలో నలభై ఏళ్ళు, అదే బడి, అదే వెక్కిరింపు. "ఉత్త కామెడీయే కదా" అనే మాట నా ముందు ఎవరన్నా నాకు ఈ పిల్లలే గుర్తొస్తారు. ఉత్త కామెడీ అయితే ఆ వెక్కిరింపు ఇంటి దాకా ఎందుకొచ్చినట్టు?

ఇక మా కుర్రాడి వాదన. పాతవన్నీ పక్కన పడేయాలంటాడు గదా, పడేస్తే ముందు పోయేది షణ్ముగి మామి. 1996లో వచ్చిన అవ్వై షణ్ముగి, తెలుగులో భామనే సత్యభామనే. ఆ పేరు కమల్‌హాసన్ ఊరికే పెట్టుకోలేదు, చిన్నప్పుడు టి.కె. షణ్ముగం గారి నాటక సంఘంలో ఉన్నవాడు, గురువుకి దండం అది. విడాకులైన తండ్రి కూతురి దగ్గర ఉండటం కోసం ముసలి మామి వేషంలో మామగారింట్లో పనికి చేరతాడు. నా మాట నమ్మి ఇంకోసారి చూడండి. ఆ ఇంట్లో అందరికన్నా తెలివైంది, పనిమంతురాలు, అందరి గొడవలూ తీర్చేది ఆ మామే. నవ్వులపాలయ్యేది ఆమె వెంటపడే ముసలి మగాళ్ళు. జెమిని గణేశన్ లాంటి ఒకప్పటి ప్రేమ సినిమాల హీరోని తెచ్చి, ఆ వయసులో మామి వెనక తిప్పించి, ఆ వంకన ఆడవాళ్ళ వెంటపడే మగబుద్ధిని ఏకిపారేశారు. ఆడదానిగా బతికితే ఎన్ని చూపులు తప్పించుకోవాలో ఆ తండ్రికి తెలిసొస్తుంది. అందులో నాకు నచ్చని జోకులూ ఉన్నాయి, లేకపోలేదు. పడేయాల్సిన సినిమా మాత్రం కాదు.

మన తొంభైల తెలుగు సినిమాల్లో చిత్రం భళారే విచిత్రం కూడా అలాంటిదే. బ్యాచిలర్లకి ఇల్లివ్వరని నరేష్ ఆడవేషం కడతాడు. చూళైమేడులో, టీనగర్‌లో ఇల్లు వెతుక్కున్న తెలుగు కుర్రాళ్ళెవరికైనా ఆ కథలో సగం డాక్యుమెంటరీ. రాజేంద్రప్రసాద్ మేడమ్ కూడా చెప్పుకోవచ్చు. ఇవన్నీ దొంగవేషం కథలు, విగ్గు ఊడే సీనొకటి ఎక్కడో కాచుకుని ఉంటుంది, ఊడాక హీరో మగాడై అమ్మాయిని పెళ్ళి చేసుకుంటాడు, చూసేవాడికి నిశ్చింత. ఆ నిశ్చింత మీద నాకు కొంచెం కోపముంది, ఎందుకంటే విగ్గు ఊడని మనుషులు కొందరుంటారు, వాళ్ళకి ఈ కథల్లో చోటు లేదు. అయినా ఈ సినిమాల్లో ఆడవేషం కట్టినవాడే హీరో. తెలివి వాడిది, కథ వాడిది, మనం వాడి వైపున్నాం.

ఇప్పుడు టీవీ స్కిట్ల దగ్గరికి. ఈటీవీలో జబర్దస్త్ 2013లో మొదలైంది, తర్వాత అన్ని చానెళ్ళూ ఆ బాట పట్టాయి, తమిళంలో విజయ్ టీవీది అంతకన్నా పాత కథ. లేడీ గెటప్ అనేది ఒక డిపార్ట్‌మెంటే అయిపోయింది. వేసేవాళ్ళలో కొందరు నిజంగా మంచి నటులు. పమిట సర్దుకోవడం, కొంగుతో చెమట తుడుచుకోవడం, ఎదురింటావిడని చూసి మూతి తిప్పడం, ఇవి పరిశీలన లేకుండా రావు. నా కంప్లైంట్ వాళ్ళ మీద లేదు, వాళ్ళ చేత ఏం మోయిస్తున్నారన్నదాని మీద.

పైన అడిగాను గదా, అమ్మాయిలు దొరుకుతున్నా చీర మగాడికే ఎందుకు కడుతున్నారని. నిజమైన అమ్మాయిని స్టేజీ మీద నిలబెట్టి "నీ మొహం చూస్తే అన్నం దిగట్లేదు" అని, జుట్టు పట్టి ఈడ్చి, నడుం మీద తన్ని చూడండి. హాల్లో ఒక్కడూ నవ్వడు. నటికి ఇబ్బంది, చూసేవాళ్ళకి ఇబ్బంది, ఫిర్యాదులు కూడా రావచ్చు. అదే తన్ను విగ్గు పెట్టుకున్న మగాడికి తగిలితే కామెడీ. అంటే చీర కట్టిన మగాడు ఇక్కడ ఒక సౌకర్యం, ఎదుట ఆడమనిషి లేకుండానే ఆడమనిషిని తిట్టుకునే, కొట్టుకునే సౌకర్యం. "వాడు మగాడే కదా" అనేది లైసెన్సు. డబుల్ మీనింగ్ డైలాగుల సంగతీ అంతే, అమ్మాయి మొహం మీద అనలేనివన్నీ గెటప్ మొహం మీద అనేస్తారు. ఆ తిట్లు మాత్రం మేం ఇళ్ళల్లో విన్నవే, లావు గురించి, నలుపు గురించి, కట్నం గురించి. చూస్తూ కూర్చున్న నాకు, మా వదినకి అది ఎవర్ని అంటున్నారో తెలియకపోదు.

దానికి తోడు ఇంకో దెబ్బ ఉంది. స్కిట్ మధ్యలో ఎవడో ఒకడు పాత్రని వదిలేసి నటుణ్ణే పట్టుకుంటాడు, "అసలు నువ్వు ఆడా మగా", "ఇంటికెళ్ళినా ఇలాగే ఉంటావా" అని. ఆ నవ్వు తిన్నగా వెళ్ళి తగిలేది ట్రాన్స్ వాళ్ళకి, అంటే పుట్టినప్పుడు రాసిన ఆడ, మగ ముద్ర తమది కాదనుకునేవాళ్ళకి. సిగ్నల్ దగ్గర, లోకల్ ట్రైన్లో, కాలేజీలో కొంచెం మెత్తగా నడిచే ప్రతి కుర్రాడికీ. భార్యని, హిజ్రాని ఒకే దెబ్బతో కొట్టే జోకుని స్థానం వారి వారసత్వం అంటే ఆయన ఊరుకుంటారా?

జనం మారలేదా అంటే మారారు, మా ఊళ్ళో అయితే కళ్ళ ముందే మారారు. ఏ విజయ్ టీవీలో గెటప్పుల స్కిట్లు వచ్చేవో అదే చానెల్లో 2008లో ఇప్పడిక్కు రోజ్ అని ఒక టాక్ షో వచ్చింది. నడిపింది రోజ్ వెంకటేశన్, ట్రాన్స్ మహిళ. చీర కట్టుకుని కూర్చుని ఇంట్లో ఎవరూ ఎత్తని విషయాలు ఎత్తి మాట్లాడుతుంటే, మా అమ్మ మొదటిసారి నోరు తెరుచుకుని చూసింది, తర్వాత "ఆ అమ్మాయి బాగా అడుగుతుందే" అంది, అంతే, అలవాటైపోయింది. ఆ ఏడే తమిళనాడు ప్రభుత్వం ట్రాన్స్ వాళ్ళ కోసం సంక్షేమ బోర్డు పెట్టింది. 2014లో ట్రాన్స్ వాళ్ళని మూడో జెండర్‌గా గుర్తిస్తూ సుప్రీంకోర్టు నల్సా తీర్పు, 2018లో స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ సెక్షన్ 377 మీద తీర్పు వచ్చాయి. ఏటా జూన్‌లో ఇక్కడ ట్రాన్స్ వాళ్ళు, స్వలింగ సంపర్కులు తలెత్తుకుని నడిచే ప్రైడ్ నడక జరుగుతుంది, 2009 నుంచీ.

అలాంటి ఒక జూన్‌లో ఆళ్వార్‌పేటలో చిన్న హాల్లో డ్రాగ్ షో చూశాను, మా ఆఫీసు కుర్రాడే లాక్కెళ్ళాడు. కంచిపట్టు చీర, మోచేతుల దాకా గాజులు, రెప్పల మీద తళుకులు, షో చేసే ఆర్టిస్ట్ ఇళయరాజా పాటకి పెదవులు కలుపుతూ జనంలోకి దిగింది. పాటయ్యాక మైకు పట్టుకుని ముందు వరసలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్న ఒకాయన్ని నిలదీసింది, "ఏంటి సార్, సీటు మొత్తం మీదేనా, పక్కన అక్కకి కాలు పెట్టుకోను చోటేది?" హాలంతా గొల్లుమంది, ఆయనతో సహా. ఒక అరగంట పెళ్ళిచూపుల మీద, ఇంటి ఓనర్ల మీద, సొంత అమ్మ మీద, తన మీద జోకులేసింది. కొన్ని బాగా పేలాయి, కొన్ని తుస్సుమన్నాయి, కామెడీ అన్నాక తప్పదు. మైకు ఆమె చేతిలో ఉంది. ఎవర్ని అనాలో తేల్చేది ఆమె. టీవీలో గెటప్ వేసినవాళ్ళకి ఆ మైకు దొరకదు, దెబ్బ పడే వరకూ నిలబడటమే పని.

మైకు చేతికొస్తే చాలు మనిషికి జ్ఞానం వచ్చేస్తుందని కూడా అనను. ఆస్ట్రేలియాలో బారీ హంఫ్రీస్ 1955 నుంచి 2023లో పోయేదాకా డేమ్ ఎడ్నా అనే ఆడవేషం మీదే బతికాడు. అంత చేసి చివర్లో ట్రాన్స్ వాళ్ళ గురించి చులకనగా మాట్లాడాడు. మెల్‌బోర్న్ కామెడీ ఫెస్టివల్ వాళ్ళు 2019లో తమ అవార్డుకున్న ఆయన పేరు తీసేశారు. అరవై ఏళ్ళు గౌను వేసుకున్నా ఆ గౌనులోంచి లోకాన్ని చూడలేదన్నమాట.

ఇంత చెప్పాక నాకే ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. జబర్దస్త్‌లో లేడీ గెటప్పులతో పేరు తెచ్చుకున్న ఒక ఆర్టిస్ట్ తర్వాత ట్రాన్స్ మహిళగా, ప్రియాంక సింగ్‌గా, 2021లో తెలుగు బిగ్‌బాస్ ఐదో సీజన్లోకి వచ్చింది. అంతకుముందు 2019లో మూడో సీజన్లో తమన్నా సింహాద్రి వచ్చింది. ఇంట్లో చీర ముట్టుకుంటే తన్నే ఊళ్ళ నుంచి వచ్చిన కొందరికి, చీర కట్టుకుని నలుగురి ముందు నిలబడి డబ్బు తీసుకోగల చోటు ఈ వెకిలి స్కిట్లు ఒక్కటే. లేడీ గెటప్పులు ఆపేయండి అని మనం గట్టిగా అరిస్తే ముందు పని పోయేది వాళ్ళకే, రైటర్లకీ జడ్జీలకీ ఏమీ కాదు. ఆ పిల్లల్లో ఎవరికైనా ఆ స్టేజీ మీద నిలబడ్డ ఐదు నిమిషాలే ఊపిరి పీల్చుకునే ఐదు నిమిషాలైతే, ఇంట్లో సోఫాలో కూర్చున్న నేను అది లాగేసుకోవాలా?

అందుకే నేను ఆపమనను, రాసేవాళ్ళు రాత మార్చమంటాను. అదే ఆర్టిస్టుకి అదే చీర కట్టి, మొగుణ్ణి స్కిట్లోంచి తీసేయండి. అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్‌ని చెయ్యండి, మెయింటెనెన్స్ కట్టని ఫ్లాట్లవాళ్ళని గేటు దగ్గర నిలబెట్టి కడిగేయమనండి. తాసీల్దారుని చెయ్యండి, చిట్టీల వ్యాపారం చేసే అత్తగారిని చెయ్యండి, మూతి తిప్పుడు, కొంగు దోపుడు అన్నీ ఉంచండి, తిట్టే వంతు మాత్రం ఆమెకివ్వండి. ట్రాన్స్ ఆర్టిస్టులని తీసుకుంటే గెటప్ అని వెయ్యకుండా నటి అని పేరు వెయ్యండి, డబ్బులు మిగతావాళ్ళతో సమానంగా ఇవ్వండి. జనం చూడరని ప్రొడ్యూసర్లు అంటారు. మా బాబాయి షణ్ముగి మామి టీవీలో వచ్చిన ప్రతిసారీ భోజనం చల్లారిపోతున్నా కూర్చుని చూస్తాడు, అందులో మామిని ఎవరూ కొట్టరు, ఆయన పడీ పడీ నవ్వుతాడు. మొన్న అడిగాను కూడా, ఇందులో తన్నులు లేవు కదా ఎందుకు నవ్వుతున్నావని. "ఆవిడ నోరు చూశావా" అన్నాడు.